గంపలో పరదేశి భాగము

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 26:1–11, లూకా 17:11–19



కోతలు ముగిసి గింజలు ఇల్లు చేరిన దినములలో కృతజ్ఞతార్పణ పండుగ ఆచరించుట మన పెద్దల నాటినుండి మన సంఘములలో వచ్చుచున్న మంచి వాడుక. ఆ ఆదివారమున దేవాలయమును మామిడాకులతోను వరి కంకులతోను అలంకరింతుము. ఒకరు ధాన్యపు బస్తా తెచ్చెదరు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు, ఏమియు పండనివారు ఒక కొబ్బరికాయయైనను తెచ్చెదరు. ఆరాధన ముగిసిన పిమ్మట వాటిని వేలము వేయుదుము. ఏబది రూపాయలు చేయని గుమ్మడికాయ అయిదువందలు పలుకును. అందరును నవ్వుదురు, సంఘ కార్యములకు సొమ్ము సమకూడును. ఇదంతయు సంతోషకరమైన సంగతియే.

అయితే ఈ నెల మీయెదుట ఒక ప్రశ్న పెట్టగోరుచున్నాము. మనము తెచ్చిన గంపలో ఎవరెవరి భాగమున్నది? ఈ ప్రశ్న మా జ్ఞానమునుబట్టి పుట్టినది కాదు. మన సంఘమునుండి పొరుగు రాష్ట్రమునకు బ్రతుకుతెరువుకై పోయిన ఒక కుటుంబమువారు దీనిని మాకు నేర్పిరి. మేము బోధించుటకు వారియొద్దకు పోయితిమి, నేర్చుకొని తిరిగి వచ్చితిమి.

ముందుగా వాక్యమును చూతము. మోషే ఈ ఆజ్ఞను చెప్పిన దినమున ఇశ్రాయేలీయులింకను యొర్దాను దాటలేదు. వారికి పొలము లేదు, కళ్లము లేదు, తలుపు గల ఇల్లైనను లేదు. అట్టి వారితో, క్రొత్త దేశమునకు చేరి తొలి పంట కోసిన దినమున ఏమి చేయవలెనో ముందే చెప్పబడెను. తొలి ఫలములలో కొంత గంపలో పెట్టుకొని యాజకునియొద్దకు పోవలెను. అక్కడ నిలిచి ఒక మాట చెప్పవలెను. ఆ మాటలో తాను పడిన కష్టమును గూర్చిన ప్రసక్తి లేదు. తన పితరుడు నిలువ నీడలేక తిరిగిన అరామీయుడనియు, కొద్దిమందితో ఐగుప్తు చేరెననియు, అక్కడ దాస్యములో మొఱపెట్టగా దేవుడు ఆలకించి విడిపించెననియు, ఈ నేల ఆయన ఇచ్చినదే గనుక దాని ఫలమును తెచ్చితిననియు ఒప్పుకొనవలెను. చూచితిరా? పంటను గూర్చి ఒక్క మాట, నడచి వచ్చిన దారిని గూర్చి పది మాటలు!

తరువాత పదకొండవ వచనమును శ్రద్ధగా చదువుడి. ఆ దినమున సంతోషింపవలసినవారు ఎవరు? పంట పండించినవాడు, అతని ఇంటివారు, వారితోకూడ లేవీయుడు, వారి మధ్య నివసించు పరదేశి. లేవీయుని మనము మరువము. సంఘ కాపరికి భోజనము పెట్టని కూడిక మన ప్రాంతములో ఎక్కడను లేదు, ఇందుకు మేమే సాక్షులము! అయితే పరదేశి మాట ఏమి? పరదేశిని పిలువని పండుగ ఈ వాక్యము ప్రకారము సగము పండుగయే.

ఇక ఆ కుటుంబము సంగతి చెప్పెదము.

మన పలనాటి మిరప రైతులు 2021వ సంవత్సరమును ఎన్నటికిని మరువలేరు. ఆ ఏట నల్ల తామర పురుగు తోటలలో పడెను. పూతలోనే చేరి రసము పీల్చి పూవును రాల్చివేసెను. ఏ మందు కొట్టినను నిలువలేదు. ఎకరమునకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టినవారు నిలువు తోటలను దున్నివేసిరి. సొంత భూమి గలవారికి భూమియైనను మిగిలెను. కౌలుదారునకు అప్పు మాత్రమే మిగిలెను. మన సంఘములో రెండెకరములు కౌలుకు తీసికొని మిరప వేసిన ఒక సహోదరుడు, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అతని వృద్ధురాలైన తల్లి మరుసటి వేసవిలో ఇంటికి తాళము వేసి కర్ణాటక రాష్ట్రమునకు, రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాకు బయలుదేరిరి. అక్కడ ఒక క్యాంపులో వారికి దూరపు బంధువుడొకడు ఉండెను.

వెళ్లు దినమున మాయింటికి ప్రార్థనకు వచ్చిరి. మేము వారిని త్వరగా తిరిగి తీసికొని రమ్మని దేవుని వేడుకొంటిమి. అప్పటికి అదియే మంచి ప్రార్థన అనుకొంటిమి. బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యిర్మీయా వ్రాసిన లేఖను (29వ అధ్యాయము) అనేకమారులు బోధించినవారమైయుండియు ఆ దినమున మాకు అది జ్ఞాపకమునకు రాలేదు. అక్కడనే ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, ఆ పట్టణపు క్షేమముకొరకు ప్రార్థించుడి అని గదా ఆ లేఖలోని భావము! మేము వారి తిరుగు ప్రయాణముకొరకు ప్రార్థించుచుండగా, దేవుడు వారికి అక్కడ ఒక పని సిద్ధపరచుచుండెను.

ఆ క్యాంపుల సంగతి ఎరుగనివారికొరకు రెండు మాటలు. హోస్పేటయొద్ద తుంగభద్ర ఆనకట్ట కట్టి 1953లో నీరు వదలిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద సింధనూరు, గంగావతి, మాన్వి ప్రాంతములలోని నల్లరేగడి మెట్ట భూములు మాగాణులాయెను. నీటి వ్యవసాయమునకు అలవాటుపడిన మన కోస్తా జిల్లాలవారు అక్కడికి పోయి, భూములు కొని, గుడిసెలు వేసికొని ఉండిరి. ఆ గుడిసెలున్న చోట్లనే క్యాంపులు అనిరి. ఇప్పుడవి డాబాలు, మిల్లులు గల ఊళ్లైనను క్యాంపు అను పేరు పోలేదు. మరియొక వింత వినుడి. అక్కడ మొదట దిగినవారు హైదరాబాదు రాష్ట్రములో దిగిరి. 1956 నవంబరు 1న అదే గుడిసె మైసూరు రాష్ట్రములోనికి పోయెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చెను. మన నకరికల్లు మాత్రము కదలకున్నదా? మద్రాసు రాష్ట్రములోనుండి 1953లో ఆంధ్ర రాష్ట్రములోనికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనికి, 2022లో గుంటూరు జిల్లానుండి పల్నాడు జిల్లాలోనికి వచ్చితిమి. కూర్చున్న అరుగు కదలకయే ఊరి చిరునామా ఇన్నిసార్లు మారినది! తరతరములకు మనకు నివాసస్థలము దేవుడే అని మోషే చేసిన ప్రార్థన (90వ కీర్తన) ఎంత నిజము!

ఆ కుటుంబము అక్కడికి చేరినప్పుడు నాట్లు ఇంకను మొదలు కాలేదు. పని లేదు, తెచ్చిన బియ్యము వారము దినములలో అయిపోయెను. బంధువుడు తన శక్తికొలది చూచెను గాని అతనిదియు కూలి బ్రతుకే. రేకుల కప్పు గల ఒక గదిలో అద్దెకు దిగిరి. పక్కయింట ఒక కన్నడ స్త్రీ ఉండెను. వీరి మాట ఆమెకు తెలియదు, ఆమె మాట వీరికి తెలియదు. ఒక సాయంకాలము చిన్నపిల్ల ఆకలికి ఏడ్చుట విని, ఆ తల్లి జొన్న రొట్టెలు, పప్పు కూర తెచ్చి గుమ్మములో పెట్టి మాటలాడకుండ వెళ్లిపోయెను. మరుసటి దినమును తెచ్చెను. నాట్లు మొదలై కూలి డబ్బు చేతికి వచ్చువరకు అట్లే తెచ్చెను.

జొన్న అనగా మన పలనాటివారికి క్రొత్త సంగతి కాదు. శ్రీనాథ కవి ఈ సీమకు వచ్చి జొన్నకూటిని గూర్చి నొచ్చుకొని పద్యములు చెప్పెనని చదువుకొన్నవారు చెప్పుదురు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలిన పిమ్మటనే గదా ఇక్కడ వరి అన్నము సామాన్యుని కంచములోనికి వచ్చినది. ఆ వృద్ధురాలు రొట్టెను చేతిలోనికి తీసికొని, “ఇది మా అమ్మ చేతి రొట్టె లాగే ఉందిరా అబ్బాయీ” అని కన్నీరు పెట్టుకొనెనట.

రెండేండ్లు కూలి చేసి, 2024లో అక్కడ రెండెకరములు కౌలుకు తీసికొని వరి నాటిరి. నాట్లు వేసిన కొలది దినములకే, ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట ముప్పదిమూడు గేట్లలో పంతొమ్మిదవ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయెను. నిండుగానున్న జలాశయములోని నీరు ఏటిపాలు కాజొచ్చెను. కర్ణాటకలోను, మన కర్నూలు, అనంతపురము వైపునను, తెలంగాణ పాలమూరు వైపునను ఆ నీటిని నమ్ముకొన్న రైతులందరి గుండెలు జారిపోయెను. “మిరప పోయింది, ఇప్పుడు వరీ పోయింది, మనం ఎక్కడికి పోతే అక్కడికి కరువు వస్తుంది” అని ఆ సహోదరుడు మంచమెక్కెను. తల్లి మాత్రము రాత్రి ప్రార్థన మానలేదు. ఆనకట్ట గేట్ల పనిలో తలపండిన ఇంజనీరు కన్నయ్య నాయుడు గారి సలహాతో పనివారు పారుచున్న నీటిలోనే ఇనుప పలకలు ఒకదానిపై ఒకటి దించి, వారము దినములలో ఆ ఖాళీని మూసివేసిరి. పిమ్మట ఎగువన వానలు కురియగా జలాశయము మరల నిండెను. పైరు బ్రతికెను.

పంట ఇల్లు చేరినప్పుడు ఆ ఇంటిలో ఒక వాదము పుట్టెను. “దేవునికి కృతజ్ఞత కూడిక పెట్టుకొందాము” అని తల్లి అనెను. కుమారుడు ఒప్పుకొనలేదు. “అప్పు ఇంకా సగం ఉంది. సొంత ఇల్లు లేదు. నలుగురిని పిలిచి రేకుల కింద కూర్చోబెట్టేదా? ఇల్లు కట్టుకున్నాక చేద్దాంలే అమ్మా” అనెను. అప్పుడామె, “ఇల్లు కట్టాక చేసేది గృహప్రవేశం నాయనా. కృతజ్ఞత అప్పటిదాకా ఆగేది కాదు” అనెను. సహోదరులారా, ఈ మాటను మేము దేవాలయపు గోడమీద వ్రాయించవలెనని తలంచుచున్నాము. మనలో ఎందరము అప్పు తీరిన పిమ్మట, పిల్ల పెండ్లి అయిన పిమ్మట, ఉద్యోగము వచ్చిన పిమ్మట అని దేవునికి వాయిదాలు వేయుచున్నాము! పదిమంది కుష్ఠరోగులు దారిలో పోవుచుండగనే శుద్ధులైరి. తొమ్మండుగురు ముందుగా పనులు చక్కబెట్టుకొని తరువాత వత్తమనుకొనిరేమో! వారు రానే లేదు. వెంటనే తిరిగి వచ్చినవాడొక్కడే, అతడు సమరయుడు, పరాయివాడు.

2024 నవంబరు నెలాఖరున మమ్మును పిలిపించిరి. మన సంఘ పెద్ద ఒకరితో కలిసి నరసరావుపేటలో బండి ఎక్కి గుంతకల్లు మీదుగా రాయచూరు, అక్కడనుండి బస్సులో సింధనూరు చేరితిమి. కూడికకు ముప్పదిమంది వచ్చిరి. క్యాంపులోని చిన్న సంఘమువారు, ఎదురింటివారు, భూమి కౌలుకిచ్చిన ఆసామి, బడి పంతులు గారు. బల్లలు లేవు, చాపలు పరచిరి. మధ్యలో ఒక క్రొత్త గంప. దానిలో కొత్త వడ్లు, వాటిమీద ఒక జొన్న రొట్టె పెట్టియుండిరి.

మాకు రాత్రి చివరి బస్సు అందుకొనవలెనని తొందరగా నుండెను. ఏడుగంటలకు పాటలు ముగిసినవి. “ఇక వాక్యము చెప్పి ప్రార్థన చేసెదము” అని లేచితిమి. ఆ వృద్ధురాలు చేయి అడ్డుపెట్టెను. “పక్కింటి పిల్ల ఇంకా పొలం నుంచి రాలేదు అయ్యగారూ. ఆ పిల్ల రాకుండా గంప ఎత్తకూడదు. ఇక్కడ మా మొదటి ముద్ద ఆమె పెట్టింది” అనెను. “ఆమెకు మన భాష తెలియదు గదమ్మా, తరువాత ప్రసాదము వలె ఏదైన పంపవచ్చును” అని మేము అంటిమి. ఈ మాట వ్రాయుటకే సిగ్గుపడుచున్నాము. ఆమె మాకు బదులు చెప్పలేదు, కదలనూ లేదు. అందరును కూర్చుండిరి. ఇంచుమించు గంటసేపు కనిపెట్టితిమి. చివరి బస్సు వెళ్లిపోయిన శబ్దము కూడ విన్నాము. అప్పుడా కన్నడ స్త్రీ కాళ్లు కడుగుకొని, తలమీద కొంగు కప్పుకొని, మొగమాటముతో వచ్చి వెనుక కూర్చుండబోగా, వృద్ధురాలు చేయి పట్టుకొని గంపయొద్ద కూర్చుండబెట్టెను.

అప్పుడు ఆ సహోదరుడు లేచి సాక్ష్యము చెప్పెను. ఎన్ని బస్తాలు పండెనో చెప్పలేదు. నకరికల్లునుండి ఎట్లు వచ్చెనో, ఎవరు ఏమి చేసిరో వరుసగా చెప్పెను. రొట్టె పెట్టిన తల్లి. ఉప్పు, పప్పు అరువు ఇచ్చిన కొట్టువాడు. పాత బడి కాగితములు రాకమునుపే పిల్లలను తరగతిలో కూర్చుండనిచ్చిన పంతులు గారు. కౌలు డబ్బునకు గడువిచ్చిన ఆసామి. తాను ఎన్నడును చూడని, వరదలో దిగి గేటు మూసిన పనివారు. వీరందరిచేత దేవుడే తమకు చేయూతనిచ్చెనని చెప్పెను. ఎంత అప్పు మిగిలియున్నదో కూడ దాచక చెప్పెను. అతడు చెప్పిన మాటలను చిన్నకూతురు నిలిచి కన్నడములో చెప్పుచుండెను. ఆ పిల్ల రెండేండ్లలో ఆ భాష నేర్చుకొనెను. కన్నడ అక్షరములు మన అక్షరములకు అక్కచెల్లెండ్రు గదా! రొట్టె సంగతి వచ్చినప్పుడు ఆ పొరుగింటి స్త్రీ తల వంచుకొని కన్నులు తుడుచుకొనెను. మేము రాయచూరు వరకు బండిలో సిద్ధపరచుకొన్న ప్రసంగమును ఆ రాత్రి చెప్పలేదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము చదివి కూర్చుంటిమి. దానికి వ్యాఖ్యానము అప్పటికే అయిపోయినది.

ఆ రాత్రి అక్కడనే చాపమీద పండుకొంటిమి. మరునాడు వచ్చునప్పుడు ఆ దంపతులు ఒక కవరు మా చేతికిచ్చిరి. అందులో కృతజ్ఞతార్పణ. “సగం ఇక్కడి సంఘానికి ఇచ్చాం అయ్యగారూ. ఈ సగం మన ఊరికి. మైకు సెట్టుకూ, రంగులకూ వద్దు. మన ఊరికి మిరప కోతలకు వచ్చేవాళ్లు ఉంటారు గదా, వాళ్లకు ఒక పూట అన్నం పెట్టండి. అక్కడ ఉన్నన్నాళ్లూ మేమూ వాళ్ల వంక చూడలేదు” అనిరి.

ప్రియులారా, ఆ కవరు మా సంచిలో బరువుగా నుండెను. జనవరినుండి మార్చివరకు మన పలనాటికి ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపునుండి వందలాది కుటుంబములు మిరప కోతలకు వచ్చును. పొలము గట్లమీదను కాలువ కట్టలమీదను పట్టాలతో గుడారములు వేసికొందురు. సైకిలుమీదను, తరువాత మోటారు సైకిలుమీదను వారి ప్రక్కగా ఇన్నేండ్లు పోయితిమి. ఏ ఊరని అడిగినవారము కాము. మన బిడ్డను రాయచూరు జిల్లాలో ఒక పంతులు బడిలోనికి రమ్మనెను. వారి బిడ్డలు మన ఊరిలో కాయల కుప్పయొద్ద కూర్చుండి తొడిమలు తీయుచుండగా మనము చూచి ఊరకుంటిమి.

ఈ సందర్భమున దూరదేశపు మాట ఒకటి. మేము సింధనూరులోనున్న ఆ వారములోనే అమెరికాలోనున్న మన తెలుగువారు కృతజ్ఞతా దినమును ఆచరించిరి. అక్కడ నవంబరు నాలుగవ గురువారము ఆ పండుగ. దానికి మూలముగా చెప్పుకొను విందు 1621వ సంవత్సరపు శరత్కాలమున జరిగెను. అంతకు ముందటి యేట మేఫ్లవర్ అను ఓడలో నూట ఇద్దరు ఇంగ్లండునుండి బయలుదేరి ప్లిమత్తు చేరిరి. మొదటి చలికాలములోనే వారిలో సగముమంది చనిపోయిరి. మిగిలినవారికి ఆ దేశపు వంపనోగు జాతివారు సాయపడిరి. టిస్క్వాంటం అనువాడు మొక్కజొన్న నాటుట నేర్పెను. పంట చేతికి వచ్చినప్పుడు మూడు దినములు విందు జరుగగా, వంపనోగు రాజు మసాసోయితు తొంబదిమంది మనుష్యులతో వచ్చి, అయిదు జింకలను తెచ్చి, వారితో కలిసి భుజించెను. అక్కడివరకు ఎంత చక్కని కథ! అయితే తరువాతి తరమువారు ఆ మేలు మరచిరి. 1675లో యుద్ధము వచ్చెను. అన్నము పెట్టినవారి బిడ్డలు నేలను, ప్రాణములను పోగొట్టుకొనిరి. అందుచేత 1970నుండి ఆ జాతులవారిలో కొందరు అదే దినమున ప్లిమత్తులో కూడి దుఃఖదినముగా ఆచరించుచున్నారు. మేలు చేసినవానిని మరచిన పండుగ ఒకరికి విందు, ఒకరికి కన్నీరు అగును. ఇది వారిని నిందించుటకు చెప్పుట లేదు. మన గంపను మనము చూచుకొనుటకు చెప్పుచున్నాము.

మన గంపలో ఎవరి మేలు ఉన్నది? సాగరు జలాశయము నిండునప్పుడు కృష్ణాతీరపు గ్రామములు కొన్ని నీట మునిగెను. అక్కడివారు ఇండ్లు, పొలములు విడిచి లేచిపోయినందుననే మన కాలువలో నీరున్నది. మన వరి గింజలో వారి భాగమున్నది. ఇక సువార్త మాటేమి? 1842లో గుంటూరు చేరి, 1849లో మన గురజాలకు వచ్చి కాపురముండిన హయ్యరు దొరగారు జర్మనీ దేశములో పుట్టి, పదునాలుగేండ్ల ప్రాయమున 1807లో ఓడ ఎక్కి అమెరికాకు పోయిన కుర్రవాడు. రెండుసార్లు పరదేశియైనవాడు. ఆయనకు మన పలనాటివారు ఎవరో నిలువ నీడ ఇచ్చి, మంచినీళ్లు ఇచ్చియుందురు. ఆ యిచ్చినవారి పేర్లు ఏ పుస్తకములోను లేవు గాని, దేవుని పుస్తకములో ఉండును.

కవరు తెచ్చి సంఘ పెద్దలయెదుట పెట్టితిమి. సంగతి సులభముగా తేలలేదు. 2025 ఆరంభమున మిరప ధర ఎట్లు పడిపోయెనో మీరెరుగుదురు. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము క్వింటాకు 11,781 రూపాయలుగా లెక్కకట్టవలసి వచ్చెను. కోత కూలి కూడ గిట్టని యేడు. “మనకే ఏడుపుగా ఉంటే పండుగేమిటి, ఊరుగాని ఊరివాళ్లకు భోజనాలేమిటి?” అని ఒక పెద్ద అడిగెను. ఆయన మాటలో అబద్ధము లేదు. మేము ఆయనను ఖండింపలేదు. హబక్కూకు మూడవ అధ్యాయపు చివరి భాగము చదివితిమి. అంజూరము పూయకపోయినను, ద్రాక్షలు కాయకపోయినను, చేలు పంట ఇయ్యకపోయినను దేవునియందు ఆనందింతునని ఆ ప్రవక్త నిశ్చయించుకొనెను గదా! చాలసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత ఆ పెద్దయే, “కవరు సొమ్ము చాలదు. బియ్యం నేనిస్తాను” అనెను.

ఒక ఆదివారము సాయంకాలము కాలువ కట్టకు పోయి పిలిచితిమి. వారు మొదట నమ్మలేదు. “ఎవరింట్లో పెండ్లి సామీ?” అని ఒక ముసలమ్మ అడిగెను. ఏ మతమని మేము అడుగలేదు, సభ్యత్వపు పుస్తకము తీయలేదు. దేవాలయపు ఆవరణములో మన స్త్రీలు వడ్డించిరి. నలుబదిమందికి పైగా వచ్చిరి. అందరును రాలేదు, కొందరు అలసటచేత నిద్రపోయిరి. గొప్ప మార్పు ఏదో జరిగినదని మేము చెప్పబోము. అయితే ఆ ముసలమ్మ వచ్చునప్పుడు వట్టి చేతులతో రాలేదు. గుడ్డలో మూట కట్టి తుంగభద్ర నీటి ఒడ్డునుండి వచ్చిన వారి ఇంటి జొన్నలతో చేసిన రొట్టెలు నాలుగు తెచ్చి బల్లమీద పెట్టెను. మేము సింధనూరులో గంపమీద చూచిన రొట్టె వంటిదే మన బల్లమీదికి వచ్చెను. ఆ దినమున మేము విరిచి తిన్న ఆ రొట్టె ముక్క రుచి ఇంకను మా నోట నున్నది.

కావున ప్రియులారా, ఈ యేటి కృతజ్ఞతార్పణ పండుగకు మూడు పనులు చేయుదము.

మొదటిది, వాయిదా వేయకుందము. చేతిలో ఉన్నంతలో, ఉన్న ఇంటిలోనే, అప్పుతోనైనను దేవునికి వందనములు చెల్లింతము.

రెండవది, గంపతోకూడ దారిని కూడ తెత్తము. ప్రతి కుటుంబములో ఒక పెద్దవారు పిల్లలను కూర్చుండబెట్టి, మనము ఎక్కడనుండి వచ్చితిమో, ఎవరు ఆదుకొనిరో పేరు పేరున చెప్పవలెను. హైదరాబాదునకో, బెంగళూరునకో, గల్ఫు దేశములకో పోయిన మన బిడ్డలకు ఫోను చేసినప్పుడు, ఎంత సంపాదించితివని అడుగుటకు ముందు, నీకు అక్కడ అన్నము పెట్టినవారెవరని అడుగుదము. వారికొరకు ప్రార్థింతము.

మూడవది, పరదేశి రాకుండ గంప ఎత్తకుందము. మోయాబునుండి వచ్చిన రూతు బేత్లెహేము పొలములో పరిగె ఏరుకొనుటకు బోయజు చోటిచ్చెను. ఆ పరదేశురాలి వంశములోనే దావీదును, దావీదు కుమారుడైన మన ప్రభువును పుట్టిరి. రేపు జనవరిలో కాలువ కట్టమీద గుడారములు లేచినప్పుడు ఒక్కొక్క ఇంటివారు ఒక్కొక్క గుడారమునకు పోయి ఏ ఊరని అడుగుడి. త్రాగు నీరున్నదా అని చూడుడి. వారి పిల్లలను మన బడికి తీసికొనిపోయి పంతులు గారితో మాటలాడుడి. యౌవనస్థులారా, ఈ చివరి పని మీది. మీలో ఇద్దరు పేరిచ్చినను చాలును, మేము మీతో వత్తుము.

ప్రార్థింతము: ప్రేమగల తండ్రీ, మేము ఈ లోకములో పరదేశులము, యాత్రికులము. మా కంచములో అన్నము పెట్టిన ప్రతి చేతిని నీవెరుగుదువు. మేము మరచిన వారిని జ్ఞాపకము చేయుము. దూరప్రాంతములలోనున్న మా బిడ్డలకు మంచి పొరుగువారిని ఇమ్ము, మా ఊరికి వచ్చిన పరాయివారికి మమ్మును మంచి పొరుగువారినిగా చేయుము. తల వాల్చుకొనుటకు స్థలము లేక మా మధ్య తిరిగిన నీ కుమారుడును మా రక్షకుడునైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.

మీ సహసేవకుడు,
సంఘ కాపరి, నకరికల్లు